చైనీస్‌లో నిత్య ప్రశ్నలు: అనంతపురం సీమ తెలుగువారికి తొలి పాఠం

పేరు, ఊరు, ధర, దారి, తిండి, నీళ్లు, వాన, నొప్పి. వీటి గురించి కొత్తగా చైనీస్ నేర్చేవారు మొదట అడగవలసిన చిన్నచిన్న వాక్యాలే నిత్య ప్రశ్నలు. ఇక్కడ చైనీస్ అంటే ప్రామాణిక మాండరిన్. చైనాలో దీన్ని ప్హూథుంగ్‌హ్వా అనీ, తైవాన్‌లో క్వోయూ అనీ, సింగపూర్, మలేషియాల్లో హ్వాయూ అనీ పిలుస్తారు. 90 కోట్లకు పైగా జనానికి ఇది మాతృభాష. చైనీస్ కష్టమన్న పేరు చాలావరకు దాని లిపి వల్ల, స్వరాల వల్ల వచ్చింది. ప్రశ్న కట్టే పద్ధతి మాత్రం తెలుగువాడికి చిన్నప్పటి నుంచీ నోట్లో నానినదే. ఇంగ్లీషు పుస్తకాల దారిన పోయేవారికి ఆ సంగతి తెలియడానికి ఆలస్యమవుతుంది.

అనంతపురం సీమలో చైనీస్

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ కరువు పీఠభూమికీ చైనీస్‌కూ సంబంధమేమిటని అనిపించవచ్చు. మొదటి సంబంధం పుట్టపర్తి. 1950లో మొదలైన సత్యసాయి బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయానికి మలేషియా, సింగపూర్, ఇండోనేషియా, హాంకాంగ్, తైవాన్ల నుంచి చైనా సంతతి భక్తులు దశాబ్దాలుగా వస్తున్నారు. అక్కడ చైనా కొత్త సంవత్సరాన్ని ఏటా వేడుకగా జరుపుతారు. ఆశ్రమం చుట్టూ ఉన్న అంగళ్లవాళ్లకూ ఆటోవాళ్లకూ నాలుగు భాషల్లో ధర చెప్పడం బతుకుతెరువులో భాగం. ఈ భక్తుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది హొక్కియెన్, క్యాంటనీస్ వంటి దక్షిణ చైనా భాషలు. అయినా మాండరిన్‌లో పలకరిస్తే ఎక్కువమందికి అందుతుంది. సింగపూర్ ప్రభుత్వం 1979లో మాండరిన్ మాట్లాడమంటూ పెద్ద ఉద్యమమే నడిపింది.

రెండోది పట్టు. ధర్మవరం మగ్గాల మీద, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో ‘చైనా పట్టు’ అన్న మాట తెలియనివారుండరు. అక్కడి ముడిపట్టు ఎంత దిగుమతయిందన్న దాన్ని బట్టి ఇక్కడి రైతు ధర ఊగుతుంది. మూడోది వేరుశనగ. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పంట ఇటు అనంతపురం ఎర్రనేలల్లోనూ అటు చైనాలోని షాన్‌తుంగ్‌లోనూ స్థిరపడింది. ఉత్పత్తిలో ప్రపంచంలో చైనాది మొదటి స్థానం, భారత్‌ది రెండోది.

కియా కర్మాగారంలో చైనీస్ పనికొస్తుందనుకునే పొరపాటును ఇక్కడ సరిదిద్దాలి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం కోసం 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికి వచ్చాయి. దాని వెంట వచ్చిన బోర్డులు, హోటళ్లు, అతిథులు కొరియావారివి. కొరియన్‌కూ చైనీస్‌కూ చుట్టరికం లేదు. కొరియన్‌లో క్రియ తెలుగులో లాగే వాక్యం చివర వస్తుంది, స్వరాల బెడద లేదు, రాతకు సొంత అక్షరమాల ఉంది. పెనుకొండలో ఉద్యోగం కోసం చైనీస్ నేర్చుకుంటే ఉపయోగం ఉండదు. అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే విదేశీ భాషల పాఠశాల స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పి పల్లె యువతకు ఉద్యోగాలు చూపింది. పరాయి భాష ఈ జిల్లా పిల్లలకు అందని పండు కాదని అది ఎప్పుడో తేల్చింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీశాక పుట్టపర్తి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఈ వ్యాసంలో అనంతపురం సీమ అంటే రెండు జిల్లాలూ కలిపి.

తెలుగు లిపిలో చైనీస్

చైనా ప్రభుత్వం 1958లో రోమన్ అక్షరాలతో ప్హిన్‌యిన్ అనే రాత పద్ధతిని ఆమోదించింది. ప్రపంచంలో ఎక్కువమంది ఇప్పుడు దాని ద్వారానే చైనీస్ నేర్చుకుంటున్నారు. అయితే రోమన్ ‘బి’ అని రాసిన చోట చైనీయులు పలికేది మన ‘ప’. ‘పి’ అని రాసిన చోట పలికేది ఊపిరి ఒత్తిన ‘ప్హ’. అలాగే ‘డి’ అంటే త, ‘టి’ అంటే థ. ‘జి’ అంటే క, ‘కె’ అంటే ఖ. అల్పప్రాణ, మహాప్రాణ భేదం ఇంగ్లీషువాడి చెవికి ఆనదు. మనకు ఒకటో తరగతిలోనే వేర్వేరు అక్షరాలుగా వచ్చేసింది. కాకపోతే మనం వాడుకలో ఒత్తులు ఎగరగొడతాం. చైనీస్‌లో ఒత్తు ఎగిరితే మాటే మారిపోతుంది.

శ, ష, స మూడూ చైనీస్‌లో విడివిడిగా ఉన్నాయి. ‘చెట్టు’లోని చ, ‘చాప’లోని ౘ రెండూ ఉన్నాయి. బడిలో ఎవరూ పట్టించుకోని దంత్య ౘ ఇక్కడ అక్కరకొస్తుంది. ఇబ్బంది పెట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి, పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఈ’ పలికితే వచ్చే అచ్చు. దానికి మన దగ్గర అక్షరం లేదు, ఈ వ్యాసంలో ‘యూ’, ‘ఛ్యూ’ అని రాశాం. రెండోది, స్పష్టమైన అచ్చు లేని పొడి అక్షరాలు. వాటిని స్, ష్ర్, ఛ్ర్ అని రాశాం. ఫ అని రాసిన చోట ‘కాఫీ’లో పలికినట్టు పలకాలి. ఒత్తు ప ఎక్కడ కావాలో అక్కడ ప్హ అని ఇచ్చాం.

స్వరాలు

అక్షరం పక్కన ఇచ్చిన అంకె స్వరాన్ని చెబుతుంది. 1 అంటే ఎత్తులో మొదలై అలాగే నిలిచేది. 2 అంటే పైకి లేచేది, మనం ఆశ్చర్యంగా ‘ఏఁ?’ అన్నట్టు. 3 కిందికి దిగి కొద్దిగా లేచేది, 4 పైనుంచి తటాలున పడేది. అంకె లేకపోతే తేలికగా పలికి వదిలేయాలి. స్వరాలను పక్కన పెడితే మాండరిన్‌లో సుమారు 400 అక్షర ధ్వనులే ఉన్నాయి. వాటినే స్వరాలతో మార్చి మార్చి పన్నెండు, పదమూడు వందలు చేసుకున్నారు. కాబట్టి స్వరాన్ని మాటకు పెట్టిన నగ అనుకోకూడదు. మాటలో అదీ ఒక అక్షరమే.

కరువు సీమ మనిషికి మొదట పట్టుబడవలసిన జంట ఒకటుంది: ష్వెయ్3 అంటే నీళ్లు, ష్వెయ్4 అంటే నిద్రపోవడం. వ్యాపారికి మరో జంట: మాయ్3 అంటే కొనడం, మాయ్4 అంటే అమ్మడం. ధర్మవరం వ్యాపారి ‘కొంటారా?’ అని అడగబోయి ‘అమ్ముతారా?’ అని అడిగితే బేరం తలకిందులవుతుంది. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు మర్యాదగా అనే మాట ఛింగ్3 వన్4, అంటే ‘అడగవచ్చా’ అని. దీన్ని ఛింగ్3 వన్3 అంటే ముద్దు పెట్టమని అర్థం. చైనీస్ నేర్పే ప్రతి తరగతిలోనూ ఈ హాస్యం వినిపిస్తుంది.

మనం చేసే అసలు తప్పు వేరు. తెలుగులో ప్రశ్న అడిగేటప్పుడు వాక్యం చివర గొంతు లేపుతాం. అదే అలవాటు చైనీస్ మీద రుద్దితే చివరి మాట నాలుగో స్వరం రెండోదైపోతుంది. ప్రశ్న అని తెలియజేసే పని చివరి అక్షరం చూసుకుంటుంది. గొంతును స్వరాలకే వదిలేయాలి.

రెండు మూడో స్వరాలు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరంగా మారుతుంది. అందుకే ‘నీ3 హావ్3’ అని రాసే నమస్కారం ‘నీ2 హావ్3’ అని వినిపిస్తుంది.

ప్రశ్న కట్టే తీరు

చైనీస్‌లో ప్రశ్నలు ప్రధానంగా మూడు రకాలు. మూడూ తెలుగులో ఉన్నవే.

మొదటి రకం అవును–కాదు ప్రశ్న. తెలుగులో వాక్యం చివర ‘ఆ’ చేర్చుతాం: ఉన్నాయి, ఉన్నాయా? చైనీస్‌లో చివర ‘మా’ చేర్చుతారు. యోవ్3 ష్వెయ్3 అంటే నీళ్లున్నాయి. యోవ్3 ష్వెయ్3 మా? అంటే నీళ్లున్నాయా? చిన్1 థియెన్1 శియా4 యూ3 మా? అంటే ఇవాళ వాన పడుతుందా? ఇంగ్లీషులో లాగా క్రియను ముందుకు లాగడం, సహాయక క్రియను తెచ్చి అతికించడం ఉండవు. వాక్యం ఉన్నది ఉన్నట్టే ఉండి తోక మాత్రం చేరుతుంది.

రెండో రకంలో ‘ఉందా లేదా’, ‘వస్తావా రావా’ అని అడుగుతాం. చైనీయులు క్రియను, దాని వ్యతిరేకాన్ని పక్కపక్కన పెడతారు. లాయ్2 పు లాయ్2? వస్తావా రావా? యోవ్3 మెయ్2 యోవ్3 ష్వెయ్3? నీళ్లున్నాయా లేవా? ష్ర్4 పు ష్ర్4? అవునా కాదా? తెలుగులో ఇలా అడిగితే కాస్త గద్దించినట్టు ఉంటుంది. చైనీస్‌లో ఆ గద్దింపు లేదు, ఇది మామూలు ప్రశ్నే. ఈ రకం వాక్యంలో చివర ‘మా’ పెట్టకూడదు.

మూడో రకం ఏమి, ఎవరు, ఎక్కడ అనే మాటలతో కట్టేది. షన్2 మ అంటే ఏమిటి, షేయ్2 అంటే ఎవరు, నా3 లి అంటే ఎక్కడ, ౘన్3 మ అంటే ఎలా, వెయ్4 షన్2 మ అంటే ఎందుకు, షన్2 మ ష్ర్2 హోవ్ అంటే ఎప్పుడు. ప్రశ్న పదం వాక్యం మొదటికి దూకదు. జవాబు ఎక్కడ రావాలో అక్కడే కూర్చుంటుంది. ‘నువ్వు ఎక్కడికి పోతున్నావు?’ అన్నప్పుడు ‘ఎక్కడికి’ ఉన్నచోటే జవాబులో ‘కదిరికి’ వస్తుంది కదా. చైనీస్‌లోనూ అంతే: నీ3 ఛ్యూ4 నా3 లి? ‘ఎక్కడికి పోతావు’ అని అడిగేటప్పుడు మనం దానికి ‘ఆ’ చేర్చం. వారూ ‘మా’ చేర్చరు. ఈ ఒక్క నియమం చెప్పడానికి ఇంగ్లీషు ద్వారా నేర్పే పుస్తకాలు ఒక పాఠమంతా తీసుకుంటాయి.

జవాబుల్లోనూ పోలిక ఉంది. చైనీస్‌లో అన్నిటికీ సరిపోయే ‘అవును’, ‘కాదు’ లేవు. అడిగిన క్రియనే తిరిగి చెప్పాలి. ‘ఉందా?’ అంటే ‘ఉంది’, ‘వస్తావా?’ అంటే ‘రాను’. ‘నువ్వు రావా?’ అన్నదానికి మనం ‘ఊఁ, రాను’ అన్నట్టే వారూ ఒప్పుకుని కాదంటారు. ఇంగ్లీషుకు అలవాటుపడ్డవారు తికమకపడేది ఇక్కడే.

తేడాలూ ఉన్నాయి. ‘ఇది ఏమిటి?’లో మనకు క్రియ అక్కర్లేదు, వారికి ష్ర్4 ఉండి తీరాలి: చ4 ష్ర్4 షన్2 మ? మన క్రియ వాక్యం చివర ఉంటే వారిది మధ్యలో ఉంటుంది. ‘నువ్వు నీళ్లు తాగుతావా’ అక్కడ ‘నువ్వు–తాగు–నీళ్లు–మా’ అవుతుంది. దీనికి బదులుగా పెద్ద లాభం ఒకటి దక్కుతుంది. తిన్నావా, తిన్నాడా, తిన్నదా, తిన్నారా అన్న తిప్పలేవీ లేవు. క్రియ ఎవరికైనా ఒక్కటే.

మరో రెండు తోకలు తెలిస్తే సంభాషణ సాగుతుంది. ‘న’ అంటే ‘మరి?’ అని. నీ3 న? మరి నువ్వు? ‘ప’ అంటే ‘కదా’. నీ3 ష్ర్4 యిన్4 తు4 రన్2 ప? నువ్వు ఇండియా మనిషివే కదా?

పలకరింపులు, వరసలు

రాయలసీమలో ‘యాడికి పోతాండావ్?’ అని అడిగినవాడికి మన ప్రయాణం వివరాలు అక్కర్లేదు. ‘అన్నం తింటివా?’ అన్నవాడు భోజనం పెట్టాలనేమీ కాదు. చైనాలోనూ ఈ రెండు ప్రశ్నలే పాత పలకరింపులు: ఛ్యూ4 నా3 లి? (ఎక్కడికి?), ఛ్ర్1 ల మా? (తిన్నావా?). పుస్తకంలో మొదటి పాఠంగా ఉండే ‘నీ3 హావ్3’ కొత్తవారితో వాడేది. ఇరుగుపొరుగుతో తిండి గురించి అడగడమే ఆప్యాయత. నగరాల్లో కుర్రకారు ఈ పలకరింపును తగ్గించారు గానీ పెద్దవాళ్లతో ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఇంగ్లీషువారికి ఇది వింత ఆచారమని ప్రత్యేకంగా వివరిస్తారు. కళ్యాణదుర్గం మనిషికి వివరించే పని లేదు.

పెద్దలను నీ3 అనకూడదు, నిన్2 అనాలి. అది మన ‘మీరు’. పేరు అడిగేటప్పుడు నిన్2 క్వెయ్4 శింగ్4? అంటే ‘తమరి ఇంటిపేరు?’ అని. అక్కడ ఇంటిపేరే ముందు వస్తుంది, మనలాగే. సమవయస్కులను నీ3 చియావ్4 షన్2 మ మింగ్2 ౘ్? అని అడగవచ్చు. అన్నకు, తమ్ముడికి, అక్కకు, చెల్లికి వేర్వేరు మాటలున్నాయి: క1 క, తి4 తి, చియె3 చియె, మెయ్4 మెయ్. ముక్కూముఖం తెలియని నడివయసు స్త్రీని ఆ1 యి2 అని పిలుస్తారు, మనం పిన్నీ, అత్తా అన్నట్టు. డ్రైవరును, మెకానిక్కును ష్ర్1 ఫు అంటారు, అంటే చేతిపని తెలిసిన గురువు. వరస కలిపి అడిగిన ప్రశ్నకు అక్కడ కూడా జవాబు త్వరగా దొరుకుతుంది.

వయసు అడగడం తప్పు కాదు గానీ పిల్లవాడిని అడిగినట్టు పెద్దవారిని అడగకూడదు. పిల్లలకు నీ3 చీ3 స్వెయ్4?, పెద్దలకు నిన్2 తువొ1 తా4 నియెన్2 చీ4?

అంగడిలో

తువొ1 షావ్ ఛియెన్2? ఎంత? పుట్టపర్తి వీధికి ఈ ఒక్క ప్రశ్న సగం చైనీస్. కొనేవారు థాయ్4 క్వెయ్4 ల అంటే మరీ ప్రియం అని. ప్హియెన్2 యి యి4 తియెన్3 అంటే కాస్త తగ్గించమని. పట్టు చూపిస్తే అడిగే ప్రశ్న: చ4 ష్ర్4 చన్1 స్1 మా? ఇది అసలు పట్టేనా?

‘ఎన్ని’, ‘ఎంత’ అని మనం లెక్కపెట్టేదాన్నీ కొలిచేదాన్నీ విడదీస్తాం. చైనీస్‌లో విభజన వేరు. జవాబు పదిలోపు ఉంటుందనుకుంటే చీ3, అంతకు మించితే తువొ1 షావ్. చీ3 తర్వాత కొలత పదం తప్పనిసరి. మన ‘ఎంతమంది’లో ‘మంది’ లాంటిది ప్రతి వస్తువుకూ ఉంటుందన్నమాట. ఏ మాట వాడాలో తెలియనప్పుడు ‘క’ అంటే సరిపోతుంది: చీ3 క రన్2? ఎంతమంది?

తూకంలో జాగ్రత్త అవసరం. అనంతపురంలో బుడ్డలనీ శెనక్కాయలనీ పిలిచే వేరుశనగను వారు హ్వా1 షంగ్1 అంటారు. హ్వా1 షంగ్1 తువొ1 షావ్ ఛియెన్2 యి4 చిన్1? అంటే ‘వేరుశనగ చిన్ ఎంత?’. చైనాలో చిన్ అంటే సరిగ్గా అర కిలో. అందుకే అక్కడ ధర వినగానే చవక అనిపిస్తుంది. మలేషియా, సింగపూర్లలో కాటీ అనే పాత తూకం సుమారు 600 గ్రాములు.

ఆస్పత్రిలో

తెలుగు రాష్ట్రాల పిల్లలు చైనీస్ నేర్చుకోక తప్పని చోటు చైనాలోని వైద్య కళాశాల. కొవిడ్‌కు ముందు చైనాలో 23,000 మందికి పైగా భారతీయ విద్యార్థులుండేవారు, వారిలో అత్యధికులు వైద్య విద్యార్థులే. పాఠాలు ఇంగ్లీషులో జరిగినా రోగి ఇంగ్లీషులో మూలగడు. హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ పరీక్షలో నాలుగో స్థాయి అందుకోని విద్యార్థికి పట్టా రాకపోవచ్చని బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం 2022లో హెచ్చరించింది. వార్డులో మొదటి రోజే పనికొచ్చేవి మూడు ప్రశ్నలు: నా3 లి థంగ్2? ఎక్కడ నొప్పి? తువొ1 చియొవ్3 ల? ఎన్నాళ్లయింది? ఫా1 షావ్1 మా? జ్వరముందా?

చైనాకు చేర్చే కర్మాగారాల దారీ ఉంది. తిరుపతి దగ్గర అప్పుడు పెడుతున్న చైనా టీవీ తెరల కర్మాగారం కోసం శిక్షణకు వెళ్లిన 50 మందికి పైగా ఆంధ్ర ఇంజనీర్లు 2020 మొదట్లో వూహాన్‌లో చిక్కుకుపోయారు. ఊరుకాని ఊరిలో తలుపులు మూసుకున్నప్పుడు నీళ్లు, మందులు, బస్సు గురించి అడగగలగడం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

జవాబు అర్థం కావాలి

ప్రశ్నలు బట్టీపట్టడం సులువు. ‘ఎక్కడ?’ అని చక్కగా అడిగినవాడికి ఎదుటివారు గుక్క తిప్పుకోకుండా అర నిమిషం దారి చెబుతారు. కాబట్టి జవాబును ఆపే మాటలు ముందు నేర్చుకోవాలి: ఛింగ్3 ౘాయ్4 ష్వొ1 యి2 పియెన్4 (మళ్లీ ఒకసారి చెప్పండి), మాన్4 యి4 తియెన్3 (కాస్త మెల్లగా), షన్2 మ యి4 స్? (అంటే ఏమిటి?).

ఆ తర్వాత అంకెలు: యి1, అర్4, సాన్1, స్4, వూ3, లియొవ్4, ఛి1, పా1, చియొవ్3, ష్ర్2. నాలుగు స్4, పది ష్ర్2. దక్షిణ చైనా, మలేషియా, సింగపూర్ల వారు చాలామంది ష ను స లాగే పలుకుతారు కనుక ఈ రెంటినీ స్వరాన్ని బట్టే పోల్చుకోవాలి. అనుమానం వస్తే చెయ్యి చూడవచ్చు. చైనీయులు ఆరు నుంచి పది దాకా ఒక్క చేత్తోనే చూపుతారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. మన దగ్గర రెండు వేళ్లు చాపితే రెండనుకుంటాం, అక్కడ అది ఆరో ఎనిమిదో కావచ్చు.

నేర్చుకునే చోట్లు

భారత్‌లో చైనీస్ అధ్యయనానికి పాత ఇల్లు శాంతినికేతన్‌లోని చీనా భవన్. 1937లో థాన్ యున్-షాన్ సారథ్యంలో మొదలైంది. తెలుగు నేల మీద హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో చైనీస్ నేర్పుతారు. 2019 నాటి జాతీయ విద్యా విధానం ముసాయిదాలో బడుల్లో నేర్పదగిన విదేశీ భాషల ఉదాహరణల్లో చైనీస్ ఉండగా, 2020లో ఆమోదించిన విధానంలో అది లేదు. ఆ ఏడాది భారత్–చైనా సరిహద్దు ఘర్షణ తర్వాత రాకపోకలూ తగ్గాయి. 2025 అక్టోబరులో రెండు దేశాల మధ్య నేరు విమానాలు మళ్లీ మొదలయ్యాయి.

చైనా ప్రభుత్వ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే. 2010 నాటి పద్ధతిలో మొదటి స్థాయికి 150 మాటలు చాలు. 2021లో ప్రకటించిన కొత్త ప్రమాణంలో అదే స్థాయికి 500 మాటలు పెట్టారు. ఈ వ్యాసంలోని ప్రశ్నలు, అంకెలు, వరసలు గట్టిగా వచ్చినవారు పాత మొదటి స్థాయిలో చాలా దూరం నడిచినట్టే. మొదటి నెల లిపి జోలికి పోకుండా చెవిని స్వరాలకు అలవాటు చేయడం మంచిది. రికార్డు చేసిన గొంతు వింటూ పలకాలి, పుస్తకంలో అంకె చూసి పలికితే స్వరం రాదు.

తెలుగు విద్యార్థి ఇప్పుడు చైనీస్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నాడు. తన భాషలో ఉన్న ఒత్తులను, ౘ ను, చివరి ‘ఆ’ ను వదులుకుని, అవి లేని భాష చెప్పే వివరణలు బట్టీపడుతున్నాడు. ఇది చుట్టుదారి. విశ్వవిద్యాలయాల భాషా శాఖలు, తెలుగు అకాడమీ కలిసి తెలుగు లిపిలో, తెలుగు వ్యాకరణం ఆధారంగా, స్థానికుల గొంతుల రికార్డులతో ఒక చిన్న చైనీస్ వాచకం తేవాలి. పుట్టపర్తి అంగడివాడికీ, చైనా వెళ్లే వైద్య విద్యార్థికీ ఒకే పుస్తకం సరిపోతుంది.